కళ్లు రోడ్డు మీదే, ధ్యాస ఎక్కడ?

ప్రశ్న: మా అబ్బాయి కారు నడపడం నేర్చుకుంటున్నాడు. ఫోను చేత్తో పట్టుకోడు గానీ బ్లూటూత్‌లో మాట్లాడుతూనే ఉంటాడు. "చేతులు స్టీరింగ్ మీదే, కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి కదమ్మా" అంటాడు. ఏం చెప్పాలి?

జవాబు: చేతులూ కళ్లూ సరే, ధ్యాస సంగతి అడగండి. అవతలి మాట విని, జవాబు కూడదీసుకుంటున్నంతసేపూ కళ్లు తెరిచే ఉంటాయి, చూసిందంతా బుర్రకెక్కదు. చూపు నేరుగా ముందుకే నిలిచిపోతుంది. అద్దాలు, పక్క సందులు చూడడం తగ్గిపోతుంది. ముందు కారు బ్రేకు లైటు వెలిగిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. తను చూడలేదని తనకే తెలియదు, అందుకే "నాకేం కాలేదుగా" అనే ధీమా వస్తుంది.

ఫోను పెట్టేయగానే అంతా సర్దుకోదు. గొంతుతో నడిపించే కారు పరికరాలను అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. కొన్నిటి విషయంలో పని ముగిశాక కూడా ధ్యాస పూర్తిగా కుదురుకోవడానికి 27 సెకన్ల దాకా పట్టింది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆ వ్యవధికి కారు 300 మీటర్లు వెళ్లిపోతుంది. ఎర్ర లైటు దగ్గర మెసేజ్ చూసుకుని, పచ్చ లైటు పడగానే కదిలేవాళ్లు కూడా ఆలోచించాల్సిన లెక్క ఇది.

మరి పక్క సీట్లో వాళ్లతో మాట్లాడితే? పెద్దవాళ్లయితే రోడ్డు వాళ్లకూ కనిపిస్తుంది, రద్దీ చూసి మాట ఆపుతారు, ఒక్కోసారి "అదిగో లారీ" అని హెచ్చరిస్తారు కూడా. ఫోనులో ఉన్న మనిషికి ఆ వీలు లేదు. అయితే కొత్తగా నేర్చుకున్న కుర్రవాళ్ల కారులో స్నేహితులు ఎక్కితే ప్రమాదం పెరుగుతుంది. మొదటి కొన్ని నెలలు స్నేహితులనూ పాటలనూ దూరంగా ఉంచడం మంచిది.

ప్రశ్న: మ్యాపు చూడక తప్పదు కదా, రెండు సెకన్లు చూస్తే ఏమవుతుంది?

జవాబు: 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద అడ్డు కనిపించాక కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒక సెకను, ఆగడానికి మరో 20 మీటర్లు వేసుకుంటే మొత్తం 37. మ్యాపు చూసిన రెండు సెకన్లు కలిపితే 70. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ.

కాబట్టి గమ్యాన్ని కదలకముందే నొక్కండి. దారి ఒకసారి చూసుకుని, గొంతు సూచనలు పెట్టండి. ఫోనును రోడ్డుకు అడ్డం రాకుండా డాష్‌బోర్డు దగ్గర స్టాండులో బిగించండి. మలుపు తప్పిపోతే పోనివ్వండి; మ్యాపు కొత్త దారి చూపిస్తుంది. చివరి క్షణంలో స్టీరింగ్ తిప్పడమే అసలు ప్రమాదం.

ప్రశ్న: నేర్పేటప్పుడే ఈ అలవాటు ఎలా చేయించాలి?

జవాబు: ముందు కారు ఆగి ఉండగానే మొదలుపెట్టండి. ఎదురుగా ఏదో ఒక గుర్తు చూస్తూ ఉండమని, "వైపర్", "హెడ్‌లైట్", "అద్దం మీద ఆవిరి" అని ఒక్కొక్కటే చెప్పండి. తడుముకోకుండా, కిందికి చూడకుండా ఆ మీట మీద చేయి పడేదాకా చేయించండి. వాన మొదలైన క్షణంలో వైపర్ ఎక్కడుందో వెతుక్కోవడం కూడా ధ్యాస తప్పడమే. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

తర్వాత ఖాళీ రోడ్డు మీద, తను చూస్తున్నదంతా పైకి చెప్పమనండి: "ముందు బస్సు ఆగుతోంది, దాని ముందునుంచి ఎవరైనా దాటొచ్చు, వెనక బైకు దగ్గరగా ఉంది." మాట ఆగిన చోట చూపు కూడా ఆగిందని మీకు తెలిసిపోతుంది. ఒక్కోసారి పది నిమిషాలు చాలు, అంతకుమించితే అలసిపోతారు.

ప్రశ్న: నడుపుతుండగా ఫోను కింద పడితే?

జవాబు: వంగకండి. వంగినప్పుడు స్టీరింగ్ కూడా ఆ పక్కకే లాగేస్తుంది. అద్దం చూసి, ఇండికేటర్ వేసి, సురక్షితమైన చోట పక్కకు ఆపండి. హ్యాండ్‌బ్రేకు వేశాకే తీసుకోండి. నీళ్ల సీసా డ్రైవరు కాళ్ల దగ్గర అసలు పెట్టొద్దు. అది దొర్లి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటే పెడల్ కిందికి దిగదు.