డుకాటీయా, గుజ్జీయా?

అన్నా, పాత ఇటాలియన్ మోటార్ సైకిళ్ళలో 1974 డుకాటీ 750 సూపర్ స్పోర్ట్ కొనాలా, 1976 మోటో గుజ్జీ లెమాన్స్ 850 కొనాలా అని అడిగారు కదా. నడపడానికైతే కళ్ళు మూసుకుని గుజ్జీ తీసుకోండి. సిలిండర్లు రెండూ పక్కలకు బయటికే ఉంటాయి, ఇంజిన్‌లోకి గాలి, పెట్రోలు వెళ్ళే దారినీ పొగ బయటికి పోయే దారినీ తెరిచి మూసే వాల్వులను ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. చైన్ గోల లేదు, షాఫ్ట్ డ్రైవ్, అంటే వెనక చక్రాన్ని చైన్ బదులు తిరిగే కడ్డీ నడుపుతుంది.

డుకాటీ సంగతి వేరు. 1972లో ఇటలీలోని ఇమోలా ట్రాక్‌లో రేసర్ పాల్ స్మార్ట్ గెలిచిన రేసు బండికి రోడ్డు రూపం అది. విలువ దానిదే, టెన్షన్ కూడా దానితోనే. వాల్వులు తెరవడానికే కాదు, మూయడానికీ రాకర్లు, అంటే చిన్న మీటలు, ఉంటాయి. సర్దడం తెలిసిన మెకానిక్ కావాలి. ఫైబర్‌గ్లాస్ ట్యాంకుకు ఇథనాల్ కలిపిన పెట్రోలు పడదు. డుకాటీలోనే మామూలు మోడల్ 750 జీటీని మార్చి సూపర్ స్పోర్ట్ అని అమ్మేవాళ్ళూ ఉంటారు. ఫ్రేమ్, ఇంజిన్ నంబర్లు నిపుణుడికి చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.