ఎండలో ఇంటింటికీ తిరగడం చదువేనా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ మొదటి ఏడాది పూర్తి చేసింది. మాది చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు, చిన్న కిరాణా కొట్టు ఉంది. సెలవుల్లో కంప్యూటర్ నేర్చుకుంటుందనుకుంటే, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అంటూ కాగితాలు పట్టుకుని ఎండలో ఇంటింటికీ తిరుగుతోంది. ఏడాదంతా కూడా తెలుగు, ఇంగ్లిషు, విలువలు, పర్యావరణం, ఎన్ఎస్ఎస్, వక్తృత్వ పోటీలు. ఇది చదువేనా? హైదరాబాద్‌లో ఒక సంస్థ నాలుగు లక్షలు కడితే కోడింగ్, ఏఐ నేర్పి, డిగ్రీ కూడా ఇప్పించి, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. టీసీ తీసుకుని అక్కడ చేర్చమంటారా? రెండింటినీ పోల్చి చెప్పండి. - ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: అయ్యా, టీసీ తీసుకోకండి. కారణాలు తర్వాత చెబుతాను. అడ్వాన్సు కట్టడానికి రేపో ఎల్లుండో హైదరాబాద్ బస్సు ఎక్కే ఆలోచనలో ఉంటే, ఈ ఒక్క మాట ముందుగా మీకు చేరాలని మొదట రాస్తున్నాను.

వేసవి రాగానే ఇలాంటి ఉత్తరాలు వరుస కడతాయి. ఊరు మారుతుంది, సంస్థ మారుతుంది, అడిగే ఫీజు మూడు లక్షలో ఐదు లక్షలో అవుతుంది. లోపల ఉన్న భయం మాత్రం అదే. కొట్టు మీద వచ్చే రాబడిలో పైసా పైసా కూడబెట్టి పిల్లను చదివిస్తున్నారు. మూడేళ్లయ్యాక ఉద్యోగం రాకపోతే ఏం చేయాలి? పక్కింటివాళ్లు తమ అబ్బాయి ప్యాకేజీ గురించి చెప్పుకుంటుంటే మీరు ఏం చెప్పాలి? ఆడపిల్ల కాగితాలు పట్టుకుని వీధి వీధి తిరుగుతుంటే కొట్టుకొచ్చిన వాళ్లు ఏమనుకుంటున్నారు? మీరు పైకి రాయలేదు గాని ఉత్తరం నిండా ఇవే కనిపించాయి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిస్తున్న ప్రతి తండ్రికీ ఈ గుబులు ఉంటుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మీ అమ్మాయిని కాలేజీవాళ్లు ఊరికే తిప్పడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్ భాగమైంది. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో రెండు నెలల ఇంటర్న్‌షిప్, చివరలో ఒక సెమిస్టర్ మొత్తం పనిచేసే చోటే. ఆమె ఇప్పుడు చేస్తున్నది 180 గంటల పని, దానికి 4 క్రెడిట్లు, అంటే డిగ్రీ పూర్తికి లెక్కగట్టే పాయింట్లు, ఉన్నాయి. ఇక విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ దేశమంతటికీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం చూడండి. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లయితే, ప్రధాన సబ్జెక్టుకు కేటాయించింది కనీసం 60. మిగతా సగంలో మైనర్ (రెండో) సబ్జెక్టు, వేరే విభాగాల కోర్సులు, భాషలు, నైపుణ్యాలు, విలువలు, ఇంటర్న్‌షిప్ వస్తాయి. రాష్ట్రాలు తమకు తగినట్టు మార్చుకున్నా ఆలోచన ఇదే. పర్యావరణ పాఠం అయితే 1991లో ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల నుంచి వచ్చింది. బీటెక్‌లో చేర్పించినా ఇవి తప్పేవి కావు. అక్కడా రాజ్యాంగం, పర్యావరణం చదవాలి. సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ చెప్పిన ప్రకారం, నాలుగేళ్లలో పాఠాల బయట చేసే పనులకు 100 యాక్టివిటీ పాయింట్లు కూడా సంపాదించాలి.

నిబంధన ఉంది కాబట్టి మంచిదే అనను. అందుకే నేను కళ్లారా చూసినది చెబుతాను.

మూడేళ్ల కిందట ఒక విద్యార్థిని తన ప్రాజెక్టు పని రాసుకున్న లాగ్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. ఊళ్లో తాగునీటి మీద సర్వే. కాలేజీ ఇచ్చిన ఫారంలో 'ఇంట్లో కుళాయి ఉందా? ఉంది / లేదు' అని ఒక గడి ఉంది. మొదటి ఇరవై ఇళ్ల దగ్గర అన్నీ 'ఉంది' అనే టిక్కులే. ఇరవై ఒకటో ఇంటి దగ్గర ఒక ముసలమ్మ, "ఉండటానికేం, ఉంది. నీళ్లు రావాలి కదమ్మా" అన్నదట. అంతే, ఆ పిల్ల స్కేలు పెట్టి పెన్సిలుతో పక్కన ఇంకో గడి గీసుకుంది: 'ఏ వేళకు, ఎన్ని బిందెలు?' పాత ఇరవై ఇళ్లకూ మళ్లీ వెళ్లింది. ట్యాంకు పక్క వీధిలో పన్నెండు బిందెలు, ఎగువ వీధిలో రెండు, చివరి మూడిళ్లకు సున్నా. ఆ కాగితం గ్రామ సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకుంది. రసీదు కూడా లాగ్‌బుక్‌లో అంటించి ఉంది, అంచు మీద పసుపు మరకతో సహా.

మీ అమ్మాయి చదువుతున్నది కంప్యూటర్ సైన్స్ కదా. సాఫ్ట్‌వేర్‌లో చాలా తప్పులు పుట్టేది సరిగ్గా ఆ గడి దగ్గరే. ప్రశ్న తప్పుగా అడిగితే, జవాబులు ఎన్ని లక్షలు పోగేసినా అవి చెత్తే. ప్రశ్న తప్పని పసిగట్టడం ఏ కోడింగ్ శిక్షణలోనూ రెండు నెలల్లో రాదు, ఎండలో ఇరవై ఒకటో ఇంటి దాకా నడిచిన మనిషికి వస్తుంది. ఆ అమ్మాయి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇంటర్వ్యూలో సగం సేపు ఆ బిందెల లెక్కే అడిగారట. 'మీ గురించి చెప్పండి' అనగానే అందరూ అప్పజెప్పే నాలుగు వాక్యాలకు బదులు ఆమె దగ్గర తనదైన సంగతి ఒకటి ఉంది.

మీరు కొట్టిపారేసిన ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి ఏడాదిలో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం. పదిమంది కొత్తవాళ్లతో ఒకే బడి వరండాలో పడుకుని, వంతులేసుకుని వండుకుని, పొద్దున్నే ఊరివాళ్లతో మాట్లాడటం ఇంటర్ రెండేళ్లూ బిట్లు బట్టీ పట్టిన పిల్లలకు ఎంత అవసరమో మీకు తెలియదు. నాకు తెలుసు. ఎదురుగా కూర్చుని, నేను పేరు అడిగితే తండ్రి ముఖం చూసే పద్దెనిమిదేళ్ల పిల్లలను రోజూ చూస్తున్నాను. ఎన్‌సీసీ సంగతీ అంతే. డిగ్రీలో తగిన మార్కులతో పాటు 'సి' సర్టిఫికెట్ మంచి గ్రేడులో ఉన్నవారికి, రాత పరీక్ష లేకుండా నేరుగా అధికారులను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకు పిలిచే ప్రత్యేక ప్రవేశం సైన్యంలో ఉంది. తమ కాలేజీలో ఎన్‌సీసీ ఉండీ ఈ ముక్క తెలియని తల్లిదండ్రులు ఎందరో.

అన్ని కాలేజీలూ ఈ పనిని నిజాయితీగా చేస్తున్నాయని నేను చెప్పలేను. జిరాక్స్ షాపులో తయారుగా దొరికే లాగ్‌బుక్‌లు చూశాను. నలభై మంది విద్యార్థులకు ఒకే ఊరు, ఒకే అంకెలు, ఒకే అక్షరదోషం. చీపుర్లు పట్టుకుని ఫొటో దిగి అరగంటలో బస్సెక్కే శిబిరాలు చూశాను. విలువల పాఠం పరీక్షకు ముందు రోజు గైడు చూసి ముగించేచోట్లు లేకపోలేదు. అలా జరుగుతుంటే మీ కోపం న్యాయమే, వెళ్లి ప్రిన్సిపాల్‌ను నిలదీయండి. కానీ మీ ఉత్తరం ప్రకారమే మీ అమ్మాయి నిజంగా తిరుగుతోంది. ఇది ఫిర్యాదు చేయవలసిన విషయం కాదయ్యా.

ఇక హైదరాబాద్ సంస్థ. నాకు అనుమానాలు ఎక్కువ ఉన్నది ఇక్కడే. శిక్షణ సంస్థలన్నీ మోసమని అనను. అమీర్‌పేటలో నాలుగు నెలలు కష్టపడి నేర్చుకుని స్థిరపడినవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో ఎక్కువమంది అప్పటికే డిగ్రీ చేతిలో ఉండి, ఏమి కావాలో తెలిసి వెళ్లినవాళ్లు. మీకు చెప్పింది వేరు: 'డిగ్రీ కూడా మేమే ఇప్పిస్తాం' అంటున్నారు. ఎవరి డిగ్రీ? యూజీసీ చట్టం 1956లోని 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలకు, చట్టం ఆ అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. శిక్షణ సంస్థ ఇవ్వలేదు. ఎక్కడో దూరవిద్యలో పేరు నమోదు చేయించి, ఫీజులో దానినీ కలిపేస్తారు. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం నుంచి నేరుగా తీసుకునే దూరవిద్య డిగ్రీ చెల్లుతుంది, అందులో సందేహం లేదు. కానీ మధ్యలో ఇంకొకరు ఫ్రాంచైజీగా నడిపితే యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు. అడిగి చూడండి, విశ్వవిద్యాలయం పేరు చెప్పేలోపు ఎన్నిసార్లు మాట మారుస్తారో మీకే తెలుస్తుంది.

'గ్యారంటీ' అనే మాటను కాగితం మీద వెతకండి. కరపత్రంలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఒప్పందంలో అది 'సహాయం' అయిపోతుంది. హాజరు ఇంత ఉండాలి, ప్రతి పరీక్షలో ఇంత రావాలి, చూపించిన ఊరికి వెళ్లాలి అని షరతులు మొదలవుతాయి. గోడ మీద కనిపించే పెద్ద ప్యాకేజీ ఒక్కరిది. కిందటి ఏడాది చేరినవాళ్లు ఎంతమంది, ఉద్యోగం వచ్చింది ఎంతమందికి, జీతాల వరుసలో సరిగ్గా మధ్యన ఉన్న పిల్లకు ఎంత వచ్చింది? వీటికి రాతపూర్వకంగా జవాబిచ్చే సంస్థలు నాకు అరుదుగా కనిపించాయి. నాలుగు లక్షలు ఒకేసారి కట్టలేమంటే వాళ్లే రుణం ఇప్పిస్తారు. సంతకం మీది. పిల్లకు అక్కడ నచ్చక మధ్యలో తిరిగొస్తే, ఈఎంఐ మాత్రం ఆగదు. రెండేళ్ల కిందట అలా కొట్టు తాకట్టు పెట్టిన తండ్రి ఒకరు నా దగ్గర కూర్చుని ఏడ్చారు. ఆయన ముఖం గుర్తొచ్చే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఇంకో దిగులు కూడా ఉంది. వాళ్లు నేర్పేది ఈ ఏడాది గిరాకీ ఉన్న ఉపకరణం. తేలిక కోడు రాసే పని ఇప్పుడు ఏఐ చేసేస్తోంది. ఏమి రాయించాలో, వచ్చింది సరైనదో కాదో తేల్చగల మనిషి కావాలి. దానికి లెక్కలు కావాలి, చదివింది అర్థం చేసుకునే భాష కావాలి, అవతలి మనిషి ఇబ్బంది ఏమిటో వినే ఓపిక కావాలి. మీరు తీసేయమంటున్న పాఠాలన్నీ అక్కడికే వస్తాయి. ఏఐ అనే రెండక్షరాలు బోర్డు మీద చూసి, లెక్కల పునాది లేని పిల్లలను అందులోకి తోసేయడం నాకు నచ్చదు.

పోల్చమన్నారు, నిజానికి పోలిక ఇక్కడే తేలిపోతోంది. కోడింగ్ మీ అమ్మాయి ఉన్నచోటే నేర్చుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక 'స్వయం'లో, ఐఐటీల ఆచార్యులు చెప్పే ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను స్వయం ద్వారా చేసి క్రెడిట్లు తెచ్చుకునే వీలు యూజీసీ కల్పించింది. 2022 నుంచి రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికీ అనుమతి ఉంది. రోజూ రెండు గంటలు కేటాయించి, మొదట పైథాన్, తర్వాత డేటాబేస్ నేర్చుకుంటే మిగిలిన రెండేళ్లు చాలు. నాలుగు లక్షల్లో పదో వంతుకు ఒక మాదిరి ల్యాప్‌టాప్ వస్తుంది. అది కొనివ్వండి.

ఇప్పుడు మీకు కోపం వచ్చే మాట ఒకటి. ఇంత పొడుగు ఉత్తరంలో మీ అమ్మాయి మాట ఒక్కటీ లేదు. ఆమెకు ఆ పని నచ్చిందా, వక్తృత్వ పోటీలో ఏమి మాట్లాడింది, ఏ ఇంటి దగ్గర ఏమి విన్నది? అడగలేదు. ఎండలో తిరుగుతోందని బాధపడ్డారు గాని, ఎందుకు తిరుగుతోందో కనుక్కోలేదు. ఆమె చదువును ఆమెకు చెప్పకుండా మార్చేసే ఆలోచన చేస్తున్నారు. ఫీజు కడుతున్నంత మాత్రాన ఆ హక్కు మనకు రాదు. కొట్టులో కొత్త సరుకు దింపేముందు నలుగురిని అడిగే మీరు, కూతురి విషయంలో కూతురినే అడగకపోవడం తప్పు.

ఆడపిల్ల భద్రత గురించి మీ బెంగ మాత్రం న్యాయమైనది. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లమనండి. ప్రాజెక్టు చూసే లెక్చరర్ ఫోను నంబరు మీ దగ్గర ఉంచుకోండి. ఉదయం పదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత పని పెట్టుకోమనండి, మధ్యాహ్నం ఎండలో ఎవరూ సరిగ్గా జవాబు చెప్పరు కూడా. ఊళ్లో ఆశా కార్యకర్తో అంగన్‌వాడీ టీచరో తోడు వస్తే తలుపులు తొందరగా తెరుచుకుంటాయి. ఒకటి రెండు ఇళ్లకు మీరే తోడు వెళ్లండి. కొట్టు కారణంగా ఆ ఊరంతా మీకు తెలుసు, పిల్లకు మీకంటే మంచి మార్గదర్శి దొరకరు. కొట్టుకొచ్చినవాళ్లు అడిగితే, 'మన ఊరి లెక్క రాస్తోంది' అని చెప్పండి.

ఉద్యోగం సంగతి బెంగ పెట్టుకోకండి. మొదటి ఏడాదే కదా, చేతిలో ఇంకా రెండేళ్లు ఉన్నాయి. బ్యాక్‌లాగులు లేకుండా చూసుకుని, ఇంగ్లిషులో ధైర్యంగా పది నిమిషాలు మాట్లాడగలిగి, సొంతంగా చేసిన ఒక ప్రాజెక్టు చూపించగల డిగ్రీ అమ్మాయిలు ఖాళీగా కూర్చోవడం నేను చాలా తక్కువగా చూశాను. మొదటి జీతం పక్కింటి అబ్బాయంత ఉండకపోవచ్చు. ఉండాలన్న నియమం కూడా లేదు.

ఈ రాత్రి కొట్టు కట్టేశాక లాగ్‌బుక్ తెమ్మని ఒక పేజీ చదివించుకోండి. సంస్థవాళ్లు మళ్లీ ఫోను చేస్తే, డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం పేరు, కిందటి ఏడాది ఉద్యోగాల లెక్క, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగిచ్చే షరతు కాగితం మీద రాసి పంపమనండి. ఆ కాగితం వస్తే నాకు పంపించండి. ఈసారి ఉత్తరం మాత్రం అమ్మాయి చేత రాయించండి.