తిట్టినందుకు టీసీ ఇవ్వవచ్చా? ముందు ఎవరిని, ఏమన్నాడో అడగండి

అమ్మా, ఏడో తరగతి చదివే మీ అబ్బాయి ఆటల పీరియడ్‌లో తోటి పిల్లవాడిని అసభ్యంగా తిట్టాడని, టీసీ తీసుకెళ్లమని ప్రైవేటు బడివాళ్లు అంటున్నారని రాశారు. ఇంట్లో అలాంటి మాటలు ఎప్పుడూ వినపడవని, వాడిని కొట్టాలో వదిలేయాలో తెలియడం లేదని అన్నారు. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్లుగా సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. పిల్లల నోటి దురుసు మీద వచ్చే ఫిర్యాదులు తరగతి ఉపాధ్యాయుడిగా నా దగ్గరకే వస్తుంటాయి. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు టీసీ సంగతి. ఆ భయం తీరితే మిగతాది నింపాదిగా ఆలోచించవచ్చు. విద్యాహక్కు చట్టం, 2009లోని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు ఏ విద్యార్థినీ బడి నుంచి తీసేయకూడదు. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి 5, 8 తరగతుల్లో తప్పినవారిని అదే తరగతిలో ఉంచే వీలు కల్పించారు గానీ, తీసేయకూడదన్న మాట అలాగే ఉంది. ఇది ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. అయితే మైనారిటీ సంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది కాబట్టి, మీ బడి ఆ కోవలోనిదేమో కనుక్కోండి. ఇంకొక జాగ్రత్త. తీసేశామని రాసి ఇస్తే ఇబ్బంది అని కొన్ని యాజమాన్యాలు తల్లిదండ్రుల చేతనే 'మా ఇష్టప్రకారం టీసీ కోరుతున్నాము' అని ఉత్తరం రాయించుకుంటాయి. అలాంటి కాగితం మీద సంతకం పెట్టకండి.

బడికి టీసీ ఇచ్చే అధికారం లేనంత మాత్రాన మీ అబ్బాయి అన్నది చిన్న విషయం అయిపోదు. అసలు ఏమన్నాడు? మీ ప్రశ్నలో అది లేదు. బహుశా బడివాళ్లు మీకు చెప్పి ఉండరు. 'చెప్పడానికే నోరు రావడం లేదమ్మా' అని ఊరుకుంటారు. నా మట్టుకు నాకు మొదట తెలియవలసింది అదే. ఆ మాట ఎవరికి తగిలిందో తెలియకుండా శిక్ష గురించి మాట్లాడటంలో అర్థం లేదు.

మా బడిలో ఒకే వారంలో జరిగిన రెండు సంగతులు చెబుతాను. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు బల్ల అంచుకు మోకాలు తగిలి నొప్పితో ఒక బూతుమాట అన్నాడు. పక్క గదిలో ఉన్న మాస్టారు విన్నారు. ఆ పీరియడంతా వాడు గోడకుర్చీ వేశాడు, మర్నాడు ప్రార్థన దగ్గర అందరి ముందూ చీవాట్లు తిన్నాడు. అదే వారం మధ్యాహ్న భోజనం తర్వాత కొళాయిల దగ్గర ఎనిమిదో తరగతి పిల్లలు కంచాలు కడుక్కుంటున్నారు. ఒక పిల్లవాడు ఇంకొకడితో, 'నువ్వు ఆ చివరి కొళాయికి పో, మీవాళ్లు కడిగిన చోట మేము కడగం' అన్నాడు. ఆ మాటలో బూతు లేదు. గొంతు కూడా పెంచలేదు. వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. రెండోవాడు కంచం అలాగే పట్టుకుని పంపు వెనక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లు బడిలో అన్నం తినడం మానేశాడు. వంట చేసే ఆవిడ గమనించి చెప్పేదాకా మాకెవరికీ తెలియలేదు.

చాలా బడుల క్రమశిక్షణ ఇలాగే తలకిందులుగా నడుస్తోంది. పెద్దల చెవికి కటువుగా తగిలిన మాటకు శిక్ష పడుతుంది. పిల్లవాడి మనసును కోసిన మాట పిల్లకాయల గొడవ కింద పోతుంది. కులాన్ని, నల్లటి ఒంటి రంగును, కుంటుకుంటూ నడిచే కాలిని, నత్తిని, తండ్రి చేసే పనిని, ఇంట్లోని ఆడవాళ్లను పట్టుకుని అన్న మాటను నేను ఎప్పుడూ చిన్నగా తీసుకోను. నొప్పికో, ఆటలో ఓడిన ఉక్రోషానికో గాలిలోకి అన్న బూతును 'ఇక్కడ అనకూడదు' అని గట్టిగా ఒకసారి చెప్పి వదిలేస్తాను. చెప్పినా మానకపోతే ఇంటికి కబురు పెడతాను, అంతే.

కొళాయి దగ్గరి సంగతికి వస్తే, ఇద్దరినీ పిలిపించి చేతులు కలిపించి పంపేద్దామని స్టాఫ్ రూమ్‌లో అన్నారు. నేను ఒప్పుకోలేదు. మాట పడ్డవాడిని విడిగా కూర్చోబెట్టి, ఏం చేస్తే నీకు సరిపోతుందని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, 'అందరి ముందు అన్నాడు సార్, తప్పని అందరి ముందే చెప్పాలి' అన్నాడు. వాడిని కొట్టమనలేదు, బడి మాన్పించమనలేదు. ఆ రోజు నా పీరియడ్‌లో పేర్లు ఎత్తకుండా రాజ్యాంగంలోని 17వ అధికరణం చెప్పాను. అంటరానితనాన్ని ఏ రూపంలో పాటించినా నేరమని, పది మందిలో కులం పేరుతో దళితులను, గిరిజనులను తిట్టడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద శిక్షార్హమని, అలాంటి మాట బడి గోడల లోపల కూడా చెల్లదని చెప్పాను. అన్నవాడి తండ్రిని పిలిపించి మాట్లాడాను. మొదట ఆయన కోపగించుకున్నాడు, తర్వాత తల దించుకున్నాడు. కుర్రాడు తరగతి ముందు నిలబడి 'నేను అన్నది తప్పు' అన్నాడు. వాళ్లిద్దరూ ప్రాణస్నేహితులయ్యారని చెప్పను. కానీ రెండోవాడు మళ్లీ వరుసలో నిలబడి అన్నం తిన్నాడు, పదో తరగతి పూర్తి చేశాడు.

మీ బడివాళ్లను ఇంకొకటి అడగండి. అక్కడి ఉపాధ్యాయులు ఎలా మాట్లాడతారు? 'గేదెలు కాసుకో పో', 'నీ మొహానికి చదువొకటా', 'మీ నాన్నలాగే మూటలు మోస్తావు' వంటి మాటలు ఎన్నో బడుల్లో పాఠంతో పాటే వినపడతాయి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాక మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. పిల్లల కులాన్ని, తల్లిదండ్రుల వృత్తిని ఎత్తి ఎగతాళి చేయడం వేధింపేనని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాల్లో ఉంది. పెద్దవాళ్లు అలా మాట్లాడుతూ పిల్లల నోరు మంచిదవ్వాలని కోరుకుంటే అది జరిగే పని కాదు. ఇంట్లో వినపడని మాటలు వీధిలో, ఫోనులో ఆడే ఆటల్లో, చివరకు తరగతి గదిలో కూడా వినపడుతున్నాయి.

ఇక మీరు చేయవలసింది. కొట్టకండి. కొడితే మీకు వినపడకుండా అనడం నేర్చుకుంటాడు. వాడిని ఒంటరిగా కూర్చోబెట్టి, తాను అన్న మాట ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి. మీ ముందు ఆ మాట పలకడానికి వాడు పడే ఇబ్బందే సగం పని చేస్తుంది. ఆ మాట ఎదుటివాడి కులాన్నో, రూపాన్నో, తల్లినో ఉద్దేశించినదైతే మీరే వాడిని వెంటబెట్టుకుని ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లండి. ప్రిన్సిపాల్ పిలిచేదాకా ఆగవద్దు. ఆ తల్లిదండ్రులు తలుపు తీయకపోయినా, ఒక మాట అన్నా పడండి. వాళ్లకు ఆ హక్కు ఉంది.

బడికి మాత్రం ఉత్తరం రాయండి. ఏమి జరిగింది, ఎవరు విన్నారు, మీ అబ్బాయి చెప్పింది విన్నారా, బడి ఏ చర్య తీసుకుంటోంది అన్నవి రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. కౌన్సెలింగ్ ఇప్పిస్తే వద్దనకండి. కొన్నాళ్లు ఆటలకు దూరంగా ఉంచినా అభ్యంతరం పెట్టకండి, అది న్యాయమే. టీసీ ఇస్తామనే పట్టుబడితే ఆ ఉత్తరం నకలు జతచేసి మండల విద్యాధికారికి ఫిర్యాదు ఇవ్వండి. అక్కడా పని జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు వెళ్లవచ్చు. ఈలోగా పిల్లవాడిని ఇంట్లో కూర్చోబెట్టకుండా రోజూ బడికి పంపుతూనే ఉండండి. గేటు దగ్గర ఆపితే తేదీ వేసి రాసిపెట్టుకోండి, ఫిర్యాదులో పనికొస్తుంది.