గులాబీలకు సలహాలిచ్చే అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది అనంతపురం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. నీట్ రాయనంటోంది. మిద్దె మీద నలభై కుండీల్లో గులాబీలు పెంచుతోంది. వీధిలో ఎవరి మొక్క వాడినా దీన్నే పిలుస్తారు. అమెరికాలో జాతీయ గులాబీ సంఘం ఉందట, బాగా తెలిసినవాళ్లను అందులో సలహాదారులుగా గుర్తిస్తారట, తనూ అలాంటి పనే చేస్తుందట. విచారిస్తే దానికి జీతమే లేదన్నారు. దీని కోసం చదువు పాడు చేసుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. మీరు విన్నది నిజమే, అది ఉద్యోగం కాదు. అమెరికన్ రోజ్ సొసైటీ 1892లో మొదలైన సంస్థ. అందులో 'కన్సల్టింగ్ రోజేరియన్' అని ఒక గుర్తింపు ఇస్తారు. గుర్తింపు పొందినవాళ్లు తమ ఊళ్లో ఎవరు అడిగినా గులాబీల గురించి ఉచితంగా సలహా చెబుతారు. వాళ్లు బతుకుతెరువుకు వేరే పని చేసుకుంటూనే, లేదా రిటైరయ్యాక, ఈ సేవ చేస్తారు. కాబట్టి 'ఇదే నా కెరీర్' అని పాప అంటే, కాదని మీరు స్పష్టంగా చెప్పవచ్చు.

కానీ అంతటితో ఆపేయకండి. ఆ గుర్తింపు ఎలా ఇస్తారో పాపతో కలిసి మీరూ తెలుసుకోండి. అడిగిన వెంటనే ఇవ్వరు. కొన్నేళ్లు సంఘంలో సభ్యులుగా ఉండాలి, అంతకంటే ఎక్కువ కాలం సొంతంగా గులాబీలు పెంచి ఉండాలి. ఇదివరకే ఆ పనిలో ఉన్నవాళ్లు సిఫారసు చేయాలి. నేల, ఎరువులు, తెగుళ్లు, మందుల జాగ్రత్తల మీద తరగతులకు వెళ్లి పరీక్ష రాయాలి. ఆ తర్వాత కూడా తెలిసింది పాతబడకుండా మళ్లీ మళ్లీ నేర్చుకుంటూ ఉండాలి. డబ్బు రాని పనికి ఇంత కట్టుబాటు ఎందుకంటే, తప్పు సలహా చెబితే ఎదుటివాళ్ల మొక్క చస్తుంది, పైగా అనవసరమైన మందు వాళ్ల ఇంట్లోకి వస్తుంది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఏప్రిల్‌లో మా గులాబీల ఆకులు దుమ్ము పట్టినట్టు పాలిపోయాయి. మందుల దుకాణంలో అడిగితే మూడు రకాల పురుగుమందులు చేతిలో పెట్టారు. మూడూ కొట్టాను, ఇంకా ఎక్కువైంది. చివరికి తోటపని తెలిసిన ఒక పెద్దాయన ఆకు తిరగేసి సన్నని బూజులాంటి గూడు చూపించి, ఇది ఎర్రనల్లి, పురుగు కాదు, మామూలు పురుగుమందుకు చావదు, పైగా దాన్ని తినే మంచి పురుగులే చస్తాయి అన్నారు. ఆకుల అడుగున రోజూ నీళ్లు గట్టిగా కొట్టమన్నారు. రెండు వారాల్లో కొత్త చిగురు వచ్చింది. ఆయన నాకు ఏమీ అమ్మలేదు, ఏమీ తీసుకోలేదు. ఏమీ అమ్మని మనిషి సలహా ఎంత విలువైనదో నాకు ఆ రోజు అర్థమైంది. జాతీయ సంఘాలు ఇలాంటి స్వచ్ఛంద నిపుణులను తయారు చేసుకునేది అందుకే.

మీ అమ్మాయి ఇప్పటికే ఆ దారిలో ఉంది. తనను ఒక ప్రశ్న అడిగి చూడండి. ఆకులు పసుపుపచ్చగా మారితే ఏం చేస్తావు? 'ఎరువు వేస్తాను' అంటే ఇంకా నేర్చుకోవాలి. 'ముందు కింది ముదురాకులా, పై చిగురాకులా చూస్తాను' అంటే మంచి చూపు ఉన్నట్టే. ముదురాకులు మొత్తంగా పసుపైతే ఎక్కువసార్లు నత్రజని చాలకపోవడమే. చిగురాకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదు. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉన్నచోట మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. మన వేరుశనగ రైతులకు ఇది బాగా తెలుసు. లీటరు నీళ్లకు ఐదు గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి చల్లుతారు. వేరుశనగ చేను నేర్పిన పాఠం కుండీలో గులాబీ దగ్గర గుర్తుకు రావాలి. అనంతపురంలో పుట్టిన పిల్లకు ఇది దొరుకుతుంది. అమెరికా వాళ్ల పుస్తకం చదివి మాత్రమే నేర్చుకున్నవాళ్లకు దొరకదు. అక్కడి చలి, మంచు వేరు, మన మే నెల వేరు.

జీవనోపాధి ఒకటి, మొక్కల మీద ప్రేమ ఒకటి అయినా రెండూ పెద్ద స్థాయికి చేరవచ్చు. డాక్టర్ బి.పి. పాల్ గోధుమ శాస్త్రవేత్త, భారత వ్యవసాయ పరిశోధనా మండలికి తొలి డైరెక్టర్ జనరల్. ఆయన సొంత ఇష్టంతో ఎన్నో కొత్త గులాబీ రకాలు సృష్టించారు. ఎం.ఎస్. వీరరాఘవన్ ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేశారు. రిటైర్మెంట్ వయసుకు ముందే ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడి, వేడి ప్రాంతాల్లో బతికే గులాబీల కోసం మన దేశపు అడవి గులాబీలతో సంకరణ చేశారు. ఎండను తట్టుకునే గులాబీ మనకంటే ఎవరికి ఎక్కువ కావాలి?

ఇక చదువు. పాప ఏపీ ఈఏపీసెట్ వ్యవసాయ విభాగం తప్పకుండా రాయాలి. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్ తనకు సరిపోతుంది. వెంకటరామన్నగూడెంలో ఉన్న డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఈ కోర్సు ఉంది. మన వైపు రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేటలో ఉద్యాన కళాశాల ఉంది, పక్కనే పరిశోధన కేంద్రం కూడా. చివరి సంవత్సరంలో ఊళ్లకు వెళ్లి రైతులతో కలిసి పనిచేస్తారు. మీకు పొలం ఉంటే రైతు కోటా గురించి ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూడండి. షరతులు జాగ్రత్తగా చదవండి, ఆ పత్రాలు చివరి నిమిషంలో దొరకవు. సీటు రాకపోతే డిగ్రీలో వృక్షశాస్త్రం తీసుకుని పీజీలో ఈ వైపు తిరగవచ్చు, కాకపోతే దారి కొంచెం చుట్టు.

ఆ డిగ్రీతో ప్రభుత్వంలో ఉద్యానశాఖ పోస్టులు, గ్రామ సచివాలయాల్లో ఉద్యాన సహాయకుల పోస్టులు ఉన్నాయి. నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో చెప్పలేం కాబట్టి వాటి మీదే కూర్చోవద్దు. నర్సరీలు, టిష్యూకల్చర్ ల్యాబులు, లాండ్‌స్కేప్ సంస్థలు, డ్రిప్ కంపెనీలు ఉన్నాయి. బెంగళూరు మనకు నాలుగు గంటల దూరం. అక్కడ హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) ఉంది, పీజీ, పరిశోధన వైపు వెళితే ఆ పేరు గుర్తుంచుకోండి. ఈ చోట్లన్నిటా ఇంటర్వ్యూలో 'మీరు చూసిన జబ్బు మొక్కల గురించి చెప్పండి' అంటే, మీ వీధి మొక్కలన్నీ పాపకు అక్కరకు వస్తాయి. ఈ అనుభవాన్ని డిగ్రీ ఇవ్వదు, జీతం లేని ఆ పనే ఇస్తుంది.

నీట్ విషయంలో బలవంతం చేయకండి. ఇష్టం లేకుండా ఒక ఏడాది కోచింగ్‌కు పెట్టే డబ్బు, ఆరోగ్యం రెండూ పోతాయి.

పరీక్షలయ్యేదాకా సలహాలకు ఆదివారం ఒక్క పూట కేటాయించమనండి, మిగతా రోజులు చదువే. రెడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, సెలవుల్లో ఒకసారి తీసుకెళ్లండి. జనవరి 26కో ఆగస్టు 15కో బెంగళూరు లాల్‌బాగ్ ఫ్లవర్ షో చూపించండి. పువ్వులు చూసి రావడం కాకుండా, వాటిని పెంచినవాళ్లతో మాట్లాడమనండి. ఇక పాపకు ఒక నియమం పెట్టండి: ఏ దుకాణం కమీషన్ ఇస్తానన్నా మందు పేరు చెప్పకూడదు. ఈ వయసులోనే కమీషన్ తీసుకునే అలవాటు పడితే తర్వాత మానడం కష్టం.

చివరగా ఒక నోట్‌బుక్ కొనివ్వండి. ఎవరి మొక్క, ఏ తేదీ, ఏం కనిపించింది, ఏం చెప్పింది, పదిహేను రోజుల తర్వాత ఏమైంది, అన్నీ రాయాలి. చెప్పింది తప్పైన కేసులు కూడా దాచకుండా రాయాలి. ఆ పుస్తకం మూడేళ్లు నిండాక నాకు తీసుకురండి, అప్పుడు పీజీ గురించి కూర్చుని మాట్లాడదాం.