నాయనమ్మ మీద పుస్తకం ఎలా రాయాలి?

ప్రశ్న: మా నాయనమ్మ పోయి పది నెలలైంది. సత్తెనపల్లి దగ్గర పల్లెటూళ్ళో బతుకంతా గడిపి, ఆఖరి నాలుగేళ్ళు గుంటూరులో మా దగ్గరే ఉంది. సంవత్సరీకం నాటికి ఆమె గురించి చిన్న పుస్తకం వేసి బంధువులకి ఇవ్వాలని నా కోరిక. తీరా కూర్చుంటే 'ప్రేమమూర్తి, త్యాగమయి' తప్ప ఇంకో మాట రావడం లేదు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు, ఆధార్‌లో జనవరి 1, 1942 అని అంచనాగా వేశారు. పైగా పొలం గట్టు గొడవలో తోడికోడలితో చాలా ఏళ్ళు మాటల్లేవు, అది రాయొద్దని బాబాయిలు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ రెండు మాటలూ కొట్టేయండమ్మా. అవి ఏ ఫ్లెక్సీ మీదైనా ఉంటాయి, ఎవరి నాయనమ్మకైనా సరిపోతాయి. మా అమ్మమ్మ సీజన్‌లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. సాయంత్రం ఇంటికొచ్చాక చేతులు భగభగ మండిపోతుంటే గిన్నెలో మజ్జిగ పోసుకుని అందులో పెట్టుకుని కూర్చునేది, మేం వెళ్ళి మీద పడితే అరచెయ్యి తగలకుండా మణికట్టుతో దగ్గరికి లాక్కునేది, తగిలితే మా కళ్ళు మండుతాయని. ఆమెకి మా మీద ఎంత ప్రేమో చెప్పమంటే నాకు గుర్తొచ్చేది ఇదే. మీకూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, ముందు అది రాయండి.

తేదీల గురించి టెన్షన్ వద్దు. ఆ తరం ఆడవాళ్ళకి ఏడాది అంకెల్లో గుర్తుండదు, నీళ్ళతో గుర్తుంటుంది. సాగర్ కుడి కాలువకి నీళ్ళు వదిలింది 1967లో. మీ ఊరి కాలువకి ఎప్పుడొచ్చాయో అక్కడి పెద్ద రైతుల్ని అడిగి, అప్పటికి మీ నాన్నగారు చంకలో ఉన్నారా, నడుస్తున్నారా అని ఇంట్లో అడగండి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో, కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లో. ఎవరి పెళ్ళి ఉప్పెనకి ముందు, ఎవరి పురుడు ఏ పుష్కరాల ఏడు అని కూర్చుకుంటూ పోతే వరస దానంతటదే దొరుకుతుంది. పుట్టిన ఏడాది 'సుమారు' అని వేసినా ఏం తప్పు లేదు.

ఆ కాలువ దగ్గర మాత్రం ఆగి రాయండి. నీళ్ళు రాకముందు ఆ మెట్ట ఊళ్ళలో చాలా ఇళ్ళలో రోజూ జొన్నన్నమే, వరన్నం పండక్కో చుట్టాలొస్తేనో. మీ నాయనమ్మ కోడలిగా అడుగుపెట్టింది అలాంటి ఇంట్లోనే అయితే, వడ్ల బస్తాలు ఇంటికి రావడం, రోటి పని తగ్గడం, నాట్లకి వంగడం మొదలవడం అన్నీ ఆమె ఒంటి మీదే జరిగాయి కదా. ఎన్ని ఎకరాలు పండించారన్నది మగవాళ్ళు చెప్తారు, ఎన్ని బిందెలు మోసిందన్నది మీరు అడిగి రాయాలి.

గోంగూర పచ్చడి గురించి ఎలాగూ రాస్తారు, 'అమృతం' అని వదిలేయకుండా కొలతలు వేయండి. పాత లెక్కలో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఉప్పు మాత్రం చేతి అంచనాయే. ఆమె పక్కన నిలబడి నేర్చుకున్నవాళ్ళ చేత పిడికిట్లో ఉప్పు తీయించి, పచ్చట్లో పడేలోగా కాటా మీద వేయించండి.

తోడికోడలి సంగతి. ఆవిడ బతికుంటే ఈ ఆదివారమే వెళ్ళండి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకోవచ్చా అని అడిగి మరీ పెట్టుకోండి. తప్పెవరిదో తేల్చడానికి కాదు. మీ నాయనమ్మ కొత్తకోడలుగా ఎలా ఉండేదో, అత్తగారికి భయపడి ఏం దాచుకునేదో, దేనికి నవ్వేదో మీ బాబాయిలకి ఏం తెలుసు, ఆవిడకి తెలుసు. గొడవ రాయొద్దని ఆవిడ అంటే మానేయండి, సరేనంటే రెండు వాక్యాల్లో రాయండి. ఆ మాట చెప్పే హక్కు ఆవిడదే, బాబాయిలది కాదు.

ఇంకొకటి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అందులో మీ నాయనమ్మ పేరు ఎక్కడా లేదు. పుట్టింటి ఇంటిపేరు కూడా కనుక్కుని, మొదటి పేజీలో పెద్దక్షరాలతో వేయించండి.