సమాధానం: చానళ్లు సన్నం చేశాక చిప్ ఎందుకు ఇంకా వేడెక్కింది

చిప్‌ను నీటితో చల్లబరిచే రాగి ప్లేటులో, నీరు పారే సన్నటి చానళ్ల వెడల్పును 400 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నుంచి 200కి తగ్గించి, సంఖ్య రెట్టింపు చేశారు. పంపు పాతదే. అయినా 100 వాట్ల చిప్ ఇంకా వేడెక్కుతోంది, నీటిలో గ్లైకాల్ (నీరు గడ్డకట్టకుండా కలిపే ద్రవం) కలపమంటారా అని అడిగారు.

మీ ఆలోచన తప్పు కాదు. ఇంత సన్నటి దారిలో నీరు పొరలు పొరలుగా, సుడులు లేకుండా పారుతుంది. అందుకే వెడల్పు సగమైతే గోడ నుంచి నీటికి వేడి అందే వేగం సుమారు రెట్టింపవుతుంది. కానీ చానళ్లు బాగా లోతైనవై, ఆ లోతు మారకపోతే, అదే ఒత్తిడికి ఒక్కో చానల్లో ప్రవాహం సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చానళ్లు రెట్టింపయ్యాయి కాబట్టి మొత్తం మీద నాలుగో వంతు. సెకనుకు 4 గ్రాములు పారినప్పుడు 100 వాట్లకు నీరు 6 డిగ్రీలే వేడెక్కుతుంది, 1 గ్రాము అయితే 24 డిగ్రీలు. గోడ దగ్గర గెలిచింది ఇక్కడ పోతోంది.

ముందు బయటికొచ్చే నీటిని ఒక నిమిషం బీకరులో పట్టి కొలవండి. 60 మిల్లీలీటర్ల దగ్గర ఉంటే కారణం ఇదే.

పంపు మార్చక్కర్లేదు. నీటిని ప్లేటు మధ్యలోంచి పంపి రెండు చివరల నుంచీ బయటికి తీయండి. దారి సగమై, ప్రవాహం రెండుగా చీలుతుంది కాబట్టి అదే ఒత్తిడికి దాదాపు నాలుగు రెట్లు పారుతుంది. నాకు బాగా నచ్చిన ఉపాయం ఇది.

గ్లైకాల్ మాత్రం వద్దు. సగం సగం కలిపితే చిక్కదనం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. గడ్డకట్టే చలి ఉంటేనే దాని అవసరం. పంపు తర్వాత సన్నటి ఫిల్టర్ పెట్టడం మరవకండి, ఒక్క రాగి రజను చాలు చానల్ మూసుకుపోవడానికి.