జిరాక్స్ షాపు అన్న రాసిన ప్రాజెక్టు

(పాఠకుల ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులు రాస్తున్నది గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీల్లో ముప్పై ఒక్క ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరైన లెక్చరర్. ఉత్తరాలు రాసినవారు కోరినందువల్ల వారి పేర్లు వేయడం లేదు.)

ప్రశ్న: మేడం గారూ, నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ గెస్ట్ లెక్చరర్‌ని. ఈ ఏడాది అరవై రెండు మంది పిల్లల ప్రాజెక్టులు నా నెత్తిన పడ్డాయి. తిరగేస్తే ఇరవై దాకా అక్షరం తేడా లేకుండా ఒకటే. అడిగితే "జిరాక్స్ షాపు అన్న ఇచ్చాడు సార్" అంటున్నారు. మిగతావాళ్ళు సొంతంగానే రాశారు గానీ "మహిళా సాధికారత నేటి సమాజానికి ఎంతో అవసరం" అన్న ముక్కనే పదిహేను పేజీలు సాగదీశారు. వెతికి, ఆధారం చూపించి, వాదించి రాయడం వీళ్ళకి నేర్పేదెలా? ఒక పక్క సిలబస్సే అవడం లేదు.
– ఒక గెస్ట్ లెక్చరర్, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: బాబూ, నీ పిల్లల్ని తర్వాత తిడదాం. ముందు నా సంగతి విను.

పదిహేనేళ్ళ సర్వీసు నిండాక జరిగిన ముచ్చట ఇది, కొత్తలో అయితే సరిపెట్టుకునేదాన్ని. మార్చి నెల, కరెంటు లేదు, టేబుల్ మీద డెబ్బై రికార్డులు. ఒకటి చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. నల్ల అట్ట మీద బంగారు రంగు అక్షరాలు, లోపల ప్రతి పేజీకీ ఎర్ర మార్జిన్. ముందు నాలుగు పేజీలు, వెనక రెండు పేజీలు చూసి ఇరవైకి పద్దెనిమిది వేసేశాను. మర్నాడు కట్టలు కట్టడానికొచ్చిన అటెండరు దాన్ని తిరగేసి, "అమ్మా, ఇది మన కాలేజీది కాదేమోనండీ" అన్నాడు. పద్నాలుగో పేజీలో "మా కళాశాల" అన్న చోట పక్క జిల్లాలోని ఇంకో కాలేజీ పేరు నిక్షేపంగా ఉంది.

నేను చదవలేదని అటెండరుకి ఆ రోజు తెలిసింది. పిల్లలకి అంతకు ఎన్నాళ్ళ ముందే తెలుసో. చదివే మనిషే లేనప్పుడు జిరాక్స్ షాపు అన్న చేత రాయించుకోవడం వాళ్ళ లెక్కలో తెలివైన పనే. అందుకని నువ్వు పదిహేను పేజీలు అడగడం మానెయ్. రెండు పేజీలు అడుగు. అరవై రెండు మందివీ కలిపి నూట ఇరవై నాలుగు పేజీలు. రెండు ఆదివారాలు కూర్చుంటే అక్షరం వదలకుండా చదవగలవు. లావు లేకపోతే ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోరంటావా? ఆ రెండు పేజీల వెనక పిల్లలు రాసుకున్న సర్వే కాగితాలు, చిత్తుప్రతులు అన్నీ కుట్టించు. కావలసినంత లావొస్తుంది. నేనూ అలాగే నెట్టుకొచ్చాను.

ఇక ఆ "మహిళా సాధికారత". దాన్ని కాదనేవాడు ఊళ్ళో ఒక్కడైనా ఉన్నాడా? కాదనేవాడు లేని చోట వాదన ఎక్కణ్ణుంచి పుడుతుంది? పిల్లలు పదిహేను పేజీలు ఔనంటూ పోతారు, అంతే. ఒక ఏడాది నేను టాపిక్కులు తీసేసి ఒకే ప్రశ్న ఇచ్చాను. మీ వీధిలో డ్వాక్రా అప్పు తీసుకున్న ఐదుగురిని అడగండి: డబ్బు ఎవరి చేతికి వెళ్ళింది, దేనికి ఖర్చయింది, కిస్తీ ఎవరు కట్టారు. ఈ ప్రశ్నకి జవాబు నాకూ తెలియదు, జిరాక్స్ షాపు అన్నకీ తెలియదు.

ఒక అమ్మాయి మొదటిసారి రాసి తెచ్చిన వాక్యం ఇది: "డ్వాక్రా వల్ల మహిళలకు ఏ ఉపయోగమూ లేదు." పక్కన "ఎలా తెలుసు?" అని రాసి ఇచ్చేశాను. వారం తర్వాత ఆ వాక్యం ఇలా మారింది: "మా వీధిలో నేను అడిగిన ఐదుగురిలో ముగ్గురి చేతిలో అప్పు డబ్బు ఒక్క రోజు కూడా నిలవలేదు." ఆ ముగ్గురిలో వాళ్ళమ్మ ఒకావిడ. అమ్మ పేరు మీద అప్పు తీశారు, నాన్న ఆటో కొన్నాడు, అమ్మ మిషను కుట్టి కిస్తీ కట్టింది. క్లాసులో చదివించాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, "ఆటో మీద సంపాదించింది ఇంటికేగా వచ్చింది?" అన్నాడు. ఆ పిల్లకి కోపం వచ్చింది, ఏడ్చినంత పనైంది కూడా. కానీ ఇంటికెళ్ళి మళ్ళీ అడిగింది. వాళ్ళమ్మ చెప్పిందట: "డబ్బు సంగతి సరే, సంఘం మీటింగులకి వెళ్ళబట్టే కదే బ్యాంకులో సంతకం పెట్టడం నేర్చుకున్నాను." మూడో ప్రతిలో ఆ మాట చేరింది. దాంతో ఆ పిల్ల తన వాదననే మార్చుకుంది: అప్పు మీద పెత్తనం మగవాళ్ళకి పోయినా మీటింగు వల్ల వచ్చింది ఆడవాళ్ళ దగ్గరే మిగిలిందని. ఐదుగురి మాట రాష్ట్రమంతటికీ వర్తించదు కాబట్టి "మా వీధిలో" అన్న ముక్క మాత్రం చివరిదాకా తీయనివ్వలేదు.

మీ దగ్గర డిగ్రీ పిల్లలకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని 180 గంటలు ఎలాగూ పెట్టారు కదా. ఇంటింటికీ తిరిగే పని ఉన్నదే. ప్రశ్న ఒక్కటీ మార్చుకుంటే చాలు, సిలబస్ గంట ఒక్కటి కూడా పోదు.

వెతకడం దగ్గర ఒక చిక్కుంది, ముందే చెప్పు. పిల్లలు "డ్వాక్రా" అని కొట్టి, కొత్త లెక్కలేవీ దొరకలేదని చేతులెత్తేస్తారు. ఎలా దొరుకుతాయి? డ్వాక్రా పథకం మొదలైంది 1982లో. 1999 ఏప్రిల్‌లో దాన్ని స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిపేశారు. కాగితాల మీద ఆ పేరు పోయి ఇన్నేళ్ళయినా మన నోళ్ళలో పోలేదు. ఇప్పటి లెక్కలు కావాలంటే "స్వయం సహాయక సంఘాలు" అని వెతకాలి. పల్లెలకైతే సెర్ప్, పట్టణాలకైతే మెప్మా అని ఈ సంఘాల పని చూసే ప్రభుత్వ సంస్థలున్నాయి, వాటి దగ్గర చూడాలి. జనం పిలిచే పేరు వేరు, ఫైల్లో ఉండే పేరు వేరు. ఇది ఒక్కటి పట్టుబడితే పిల్లలకి సగం దారులు తెరుచుకుంటాయి. పంచాయతీ ఖర్చుల్లాంటివి కావాలంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టించు, ఊరి స్థాయిలో ఫీజు లేదు. జవాబుకి 30 రోజుల గడువుంటుంది, కాబట్టి ప్రాజెక్టు మొదలైన రోజే పెట్టించాలి. రికార్డు ఇవ్వాల్సిన ముందు రోజు పెట్టి గవర్నమెంటుని తిట్టిన వాళ్ళని చూశాను.

చదివింది రాసుకోవడానికి చీటీలు వాడించు. పాత క్యాలెండర్ కాగితాలు నాలుగు ముక్కలుగా చింపితే సరి. ముందు వైపు పుస్తకంలోని మాట, రచయిత పేరు, పేజీ నెంబరు. వెనక వైపు దాని మీద తన మాట. ఈ రెండూ ఒకే వైపు రాయకూడదు. నెల తిరిగేసరికి ఏది పుస్తకానిదో ఏది మనదో మనకే గుర్తుండదు.

ఆఖరుది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, పూర్వపక్షం. మన తర్కం చదువుకున్నవాళ్ళు ముందు అవతలివాడి వాదం చెప్పి, ఆ తర్వాతే తమ సిద్ధాంతానికి వచ్చేవాళ్ళు. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతికి అన్ని కాలేజీల్లోనూ వ్యాసరచన పోటీ పెడతారు, అందరూ వాడుక భాషే గొప్పదని రాసి కప్పులు పట్టుకెళతారు. నేను తిరగేసి పెట్టాను. గ్రంథ భాషను సమర్థిస్తూ జయంతి రామయ్య పంతులు గారు 1913లో ఇంగ్లీషులో పుస్తకమే రాశారు. ఆయన వైపు నిలబడి, ఆయన చదివితే తల ఊపేటట్టు ఒక పేజీ రాయండన్నాను. శ్రీకాకుళం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అబ్బాయి రాశాడు: "జిల్లాకో యాస ఉన్నప్పుడు ఏ జిల్లా మాటని పుస్తకంలో పెడతారు? మా మాట పెడతారా?" రాసిన రెండో రోజు స్టాఫ్ రూముకొచ్చి, "ఇప్పుడు గిడుగు గారి వైపు రాయడం కష్టమైపోయింది మేడం" అన్నాడు. ఆ కష్టం కోసమే కదా ఇదంతా!

రామమూర్తి గారు ఆ కష్టం ఎలా దాటారో అప్పుడు చూపించాను. జీవద్భాష గొప్పదని ఉపన్యాసాలిచ్చి ఊరుకోలేదు ఆయన. శాసనాలు, పాత వచన గ్రంథాలు, వ్యాఖ్యానాలు వెతికి, వాడుక రూపాలు ఎప్పటినుంచో రాతలో ఉన్నాయని ఉదాహరణలు పోగేశారు. గ్రాంథికమే రాయాలన్న పండితుల పుస్తకాలే తీసి, వాళ్ళ వ్యాకరణం ప్రకారమే వాళ్ళ రాతల్లో తప్పులు పట్టి చూపించారు. అవతలివాణ్ణి అంత శ్రద్ధగా చదివితేనే అది కుదిరేది.

మార్కులు వేసేటప్పుడు ఒక్కొక్కర్నీ మూడు నిమిషాలు పిలిచి, రాసిన దాంట్లోంచి ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి "ఎలా తెలుసు?" అని అడుగు. కాలేజీలో నాకు ఆ పేరే పెట్టారు. నువ్వూ సిద్ధపడు.

ప్రశ్న: అమ్మా, మా పెద్దోడు ఎమ్మెస్ కోసం అమెరికా పోయిండు. ఏదో పేపర్ల, పుస్తకంల ఉన్నది మాటలు మార్చి రాసి, రచయిత పేరు వెయ్యలేదని కాలేజోళ్ళు నోటీసు ఇచ్చిన్రట. ఫోన్ల ఏడుస్తున్నడు. మేం చదువుకున్నప్పుడు పుస్తకంల ఉన్నట్టు రాస్తేనే మార్కులు పడేవి కదా. ఇది దొంగతనం ఎట్లయితది?
– ఒక తండ్రి, మెదక్ జిల్లా

జవాబు: మీ అబ్బాయిని దొంగ అనను. పదో తరగతి నుంచి ఇంటర్ దాకా "పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించు" అని నేర్పి, మార్కులేసి, ర్యాంకులు పేపర్లో వేయించిన మా లెక్చరర్ల జాతికి ఈ నోటీసులో సగం వాటా ఉంది. అక్కడ లెక్క వేరు. మాటలు మార్చినా ఆలోచన ఎవరిదో వాళ్ళ పేరు చెప్పి తీరాలి.

విచారణ దగ్గర "నాకేం తెలియదు" అని గానీ, "ఫ్రెండ్ ఇచ్చాడు" అని గానీ అబద్ధం చెప్పొద్దనండి. తన చిత్తుప్రతులు, నోట్సు, ఏ పుస్తకం ఎప్పుడు చదివిందీ చూపించి, పేరు వేయాలని తెలియక చేశానని ఉన్నదున్నట్టు చెప్పమనండి. అక్కడ చాలా యూనివర్సిటీల్లో రైటింగ్ సెంటర్ అని ఉంటుంది, ఉచితంగా కూర్చోబెట్టి నేర్పుతారు. విచారణకి ముందే వెళ్ళి పేరు రాయించుకుంటే మంచిది. మీరు మాత్రం రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి "ఏమైంది" అని అడగకండి. టెన్షన్ వాడికి చాలినంత ఉంది.

ఇక్కడా పాత రోజులు పోయాయి లెండి. యూజీసీ 2018లో నిబంధనలు పెట్టింది. థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక పది శాతం దాటితే సరిచేసి మళ్ళీ ఇవ్వాలి, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

మీది మెదక్ జిల్లా అన్నారు కాబట్టి ఒక మాట. కాళిదాసుకి వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథ సూరి మీ కొల్చారం వాడే. మూలం లేనిదేదీ రాయను, అక్కర్లేనిదేదీ చెప్పను అని రఘువంశ వ్యాఖ్యానం మొదట్లోనే పెట్టుకున్నాడు. ఇది అమెరికావాళ్ళ రూలని మీవాడు అనుకుంటున్నాడేమో, ఈసారి ఫోన్లో ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: మేడం, నేను బీఏ రెండో సంవత్సరం. "మా ఊరి చరిత్ర" అని ప్రాజెక్టు ఇచ్చారు. చాట్‌జీపీటీని అడిగితే నాలుగు పేజీలు చక్కగా రాసిచ్చింది. మా ఊరి పేరు కాకతీయుల కాలంలో వచ్చిందట. అదే పెట్టేయనా?
– ఒక విద్యార్థిని, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మాయ్, ఆ వాక్యం పక్కన నేనేం రాస్తానో పైన చదివే ఉంటావు. దాన్నే అడుగు, ఎలా తెలుసని. ఏదో పుస్తకం పేరు చెబుతుంది. ఆ పుస్తకం లైబ్రరీలో నీ చేతికి దొరికి, ఆ పేజీలో ఆ మాట నీ కంటికి కనిపించేదాకా రాయకు. మా అన్నయ్య మనవడు మా ఊరి గురించి ఇలాగే అడిగి, అది చెప్పిన పుస్తకం కోసం నన్ను మూడు లైబ్రరీలు తిప్పాడు. అలాంటి పుస్తకం అచ్చయిన జాడే దొరకలేదు.

నీకు అంతకన్నా మంచి దారి ఉంది. 1800 తర్వాత కాలిన్ మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి మనుషుల్ని పంపి, ఊళ్ళ చరిత్రలు రాయించి తెప్పించాడు. వాటినే కైఫియత్తులంటారు. మన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య మెకంజీ దగ్గర పనిచేశారు. గుంటూరు ప్రాంతపు కైఫియత్తులు అచ్చులో ఉన్నాయి, మీ ఊరిది ఉందేమో చూడు. ఉంటే గెంతులేసి ఎత్తిరాయకు. అందులో చాలా సంగతులు ఊరి కరణాలు చెప్పినవి, వాళ్ళ దగ్గరున్న కవిలెల్లోవి, అంటే ఊరి లెక్కల పుస్తకాల్లోవి. కరణానికి మిరాశీ, అంటే తరతరాల హక్కు ఉంది, గుడికి మాన్యం, అంటే ఇనాంగా వచ్చిన భూమి ఉంది. ఊరు ఫలానా రాజు ఇచ్చాడని చెబితే ఎవరికి లాభమో ఆలోచించు. తర్వాత మీ గుళ్ళో శాసనం ఉంటే దానిలో రాజు పేరు, శక సంవత్సరం చూడు. కైఫియత్తు చెప్పే కాలం, శాసనం చెప్పే కాలం కలవకపోతే కంగారు పడకు, నీ ప్రాజెక్టు అక్కడే మొదలవుతుంది.

రెండు పేజీలు రాసి నాకు పంపు, చీటీలు కూడా జతచెయ్. స్పైరల్ బైండింగ్ వద్దు.